రమ్మని ఇచ్చిన పాస్‌పోర్ట్ కాదది, రావద్దని ఇచ్చింది! హాంకాంగ్ 50,000 కుటుంబాల అసలు కథ

నమస్తే అండీ అందరికీ. ఇవాళ ఉపోద్ఘాతాలేం లేవు, సూటిగా విషయంలోకే.

1990లో బ్రిటన్, అప్పటికి తన పాలనలోనే ఉన్న హాంకాంగ్‌లో 50,000 కుటుంబాలకి పౌరసత్వం ఇస్తానని చట్టం చేసింది కదా. ఆ పాస్‌పోర్ట్ రమ్మని ఇచ్చింది కాదు. రావద్దని ఇచ్చింది.

తప్పుగా విన్నారేమో అనుకుంటున్నారా? ఇంకోసారి చెప్తా. పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి, ఇది బీరువాలో భద్రంగా దాచుకో, నువ్వు మాత్రం అక్కణ్ణుంచి కదలకు అన్నారు. టికెట్ కొనిచ్చి రైలెక్కొద్దన్న మహానుభావుల్ని మీరెక్కడైనా చూశారా? నేనైతే వీళ్ళనే చూశా.

ఇప్పుడెందుకు ఈ గోల అంటే, పోయిన వారం మనం బీఎన్ఓ వీసా మీద వీడియో చేశాం. బీఎన్ఓ అంటే బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్, హాంకాంగ్ వాళ్ళకి బ్రిటన్ ఇచ్చిన ఒక రకం కాగితం. అదేనండీ, 2020 జూన్ 30న చైనా హాంకాంగ్ మీద జాతీయ భద్రతా చట్టం పెట్టాక, 2021 జనవరి 31 నుంచి బ్రిటన్ తెరిచిన దారి. ఆ వీడియో కింద ఒకాయన రాశాడు, "ఎంతైనా తెల్లోడు మాట మీద నిలబడతాడన్నా, 1990లోనే పౌరసత్వమిచ్చి ఆదుకున్నాడు" అని. దాని కింద చప్పట్లు, గుండె బొమ్మలు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ. ఆదుకున్నాడా? ఎవర్ని? పదండి, లెక్క తీద్దాం.

పాత కథ మీకు తెలిసిందే, ముప్ఫై సెకన్లలో లాగించేస్తా. 1984 డిసెంబర్ 19న బ్రిటన్‌కీ చైనాకీ ఒప్పందం. 1997 జూలై 1న హాంకాంగ్‌ని అప్పగించెయ్యాలి. అప్పటికి అక్కడ దాదాపు 32.5 లక్షల మంది దగ్గర బ్రిటిష్ అని రాసున్న కాగితం ఉంది. కానీ ఆ కాగితంతో లండన్‌లో స్థిరపడే హక్కు లేదు. మొదట దాని పేరు "డిపెండెంట్ టెరిటరీస్ సిటిజన్", 1987 నుంచి "బీఎన్ఓ". పేరు గొప్ప, ఊరు దిబ్బ. సరే, ఎలాగో బతుకుతున్నారు. 1989 జూన్ 4 వచ్చింది. తియనాన్‌మెన్. బీజింగ్‌లో ప్రజాస్వామ్యం అడిగిన జనం మీద చైనా సైన్యం కాల్పులు జరిపింది. ఎనిమిదేళ్ళలో మనల్ని వీళ్ళకా అప్పగించేది అని హాంకాంగ్ మొత్తానికి గుండె జారిపోయింది. ఆ ఏడాది సుమారు 42,000 మంది వలస పోతే, తర్వాతి ఏడాది 62,000 మంది.

పోయేవాళ్ళెవరు? డాక్టర్లు, అకౌంటెంట్లు, ఇంజినీర్లు, బ్యాంకు మేనేజర్లు. డబ్బూ డిగ్రీ ఉన్నవాళ్ళు. ఇక్కడ లండన్‌కి కంగారు మొదలైంది. 1997లో ఇంటి తాళాలు అప్పగించేనాటికి ఇల్లు నడిపేవాళ్ళే లేకపోతే పరువు పోదూ? అదీ అసలు భయం. జనం ఏమైపోతారన్నది కాదు, ఆఖరి ఏడేళ్ళు దుకాణం నడవాలన్నది.

అందుకని 1989 డిసెంబర్ 20న విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ పార్లమెంటులో లేచి పథకం ప్రకటించాడు. కీలకమైన 50,000 మందికి, వాళ్ళ భార్యాభర్తలకి, పిల్లలకి పూర్తి పౌరసత్వం. అంతా కలిపితే 2,25,000 మంది దాకా తేలొచ్చని వాళ్ళ అంచనా. 1990 జూలైకల్లా చట్టం అయిపోయింది. కనిపెట్టాల్సిన చోటు ఇదే, జాగ్రత్తగా వినండి. పౌరసత్వం తీసుకోవడానికి బ్రిటన్ వెళ్ళాల్సిన పని లేదు. అక్కడ ఒక్క రోజు ఉండక్కర్లేదు. ఏ దేశమైనా పౌరసత్వం ఇచ్చే ముందు ఏమడుగుతుంది? మా దగ్గర ఇన్నేళ్ళున్నావా అని అడుగుతుంది. వీళ్ళు అడగలేదు. ఎందుకడుగుతారు, రావద్దనే కదా ఇస్తున్నది!

ఇది నా కవిత్వం కాదండోయ్. వాళ్ళు సభలో చెప్పుకున్న సమర్థన కూడా ఇదే. చేతిలో భరోసా ఉంటే వీళ్ళు ఎక్కడికీ పోరు, హాంకాంగ్‌లోనే ఉండిపోతారు, అందుకే ఇస్తున్నాం అని. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వలసల్ని తగ్గిస్తామని చెప్పి గెలిచిన ప్రభుత్వం. వాళ్ళు రెండు లక్షల మందిని ప్రేమతో పిలుస్తారా? కర్ర విరగకూడదు, పాము చావాలి.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పుకోవాలి, ఏమనుకోకండి. చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదులో ఒక కంపెనీలో చేసేవాణ్ణి, పేరొద్దు. దాన్ని ఇంకెవరికో అమ్మేస్తున్నారని గుసగుస. ఒక శుక్రవారం సాయంత్రం కొంతమందిని ఒక్కొక్కళ్ళనే గాజుగదిలోకి పిలిచారు. లోపలికి వెళ్ళినవాడు తెల్ల కవరు పట్టుకుని బయటికొస్తున్నాడు, ఎవరికీ చూపించకుండా మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. రిటెన్షన్ లెటరు. చేతులు మారేదాకా ఉంటే ఇంత డబ్బు అని. నన్ను పిలవలేదు, అది పక్కన పెట్టండి. మాకు పదకొండేళ్ళుగా టీ ఇచ్చే అన్న ఒకాయన ఉండేవాడు. ఎవరికి చక్కెర వద్దో, ఎవరికి అల్లం పడదో అన్నీ నోటికే. ఆ సాయంత్రం ట్రే పట్టుకుని గాజు తలుపు బయట నిలబడి నన్నడిగాడు, "లోపల ఏం పంచుతున్నారు సార్?" అని. నేనేం చెప్పను? కంపెనీ చేతులు మారింది, మొదట పోయిన ఉద్యోగం ఆయనదే.

హాంకాంగ్‌లో జరిగింది అచ్చంగా ఇదే. 50,000 తెల్ల కవర్లు. బయట ట్రేలు పట్టుకుని మిగతా 32 లక్షల మంది.

సరే, కవర్లు ఎవరికి? మన ఎంసెట్ వాళ్ళకి బాగా అర్థమయ్యే ముచ్చటిది. మార్కులు పెట్టారండీ! పౌరసత్వానికి మార్కులు. మొత్తం 800. స్క్రీన్ మీద పట్టిక వేశాం, చూడండి. వయసుకి 200. అనుభవానికి 150. చదువు, శిక్షణ కలిపి 150. ప్రత్యేక పరిస్థితులకి 150. ఇంగ్లీషుకి 50. బ్రిటన్‌తో సంబంధాలకి 50. ప్రజాసేవకి 50.

మొదటి గడిలోనే ఆగండి. వయసుకి అన్నిటికంటే ఎక్కువ మార్కులు, పైగా ముప్ఫై నుంచి నలభై లోపు వాళ్ళకి పూర్తి 200. ఎందుకూ? ఆపదలో ఉన్నవాళ్ళని ఆదుకునేదే అయితే ముసలాయనకి ఎక్కువ ఇవ్వాలి, లేదా చంటిపిల్లల తల్లికి ఇవ్వాలి. ముప్ఫై అయిదేళ్ళ మేనేజరుకి ఎందుకు? లెక్కెయ్యండి. 1990లో ముప్ఫై అయిదంటే 1997లో నలభై రెండు. సీట్లో కూర్చుని ఫైళ్ళు తోసే వయసు, కరెక్టుగా. ప్రజాసేవకి 50, వయసుకి 200! ఊళ్ళో అనాథాశ్రమం నడిపిన అవ్వకంటే సూటేసుకున్న కుర్రాడికి నాలుగింతలు.

ఇంకా తమాషా ఏంటంటే, ఈ సాధారణ వృత్తుల కోటాలో 36,200 సీట్లు. వాటిని వృత్తులవారీగా పంచారు. పంచేటప్పుడు చూసిన ముఖ్యమైన కొలతల్లో ఒకటి, ఏ వృత్తివాళ్ళు ఎక్కువగా వలసపోతున్నారు అన్నది. అర్థమవుతోందా? పారిపోయేవాళ్ళకి ఎక్కువ సీట్లు. ఊరొదిలి పోలేనివాళ్ళకి, పోవడం ఇష్టం లేనివాళ్ళకి తక్కువ, అసలు లేకపోయినా పర్లేదు. సెంట్రల్‌లో ట్రామ్ నడిపే డ్రైవరు పారిపోడు, కాబట్టి ఆయనకి భరోసా అక్కర్లేదు. చేపల బజార్లో తెల్లారుజామున మంచుగడ్డలు మోసే మనిషి ఎక్కడికి పోతాడు? కాబట్టి ఆయన పేరు ఏ పట్టికలోనూ ఉండదు. ఉద్యోగం మానేస్తానని బెదిరించినవాడికి జీతం పెంచి, నోరుమూసుకుని పనిచేసేవాడికి "వచ్చే ఏడాది చూద్దాం" అనే మేనేజరు మీ ఆఫీసులో లేడూ? ఆ మేనేజరే చట్టం రాశాడు.

మా ఎడిటర్ తమ్ముడు స్క్రిప్టు చదివి, "అన్నా, ఏ దేశమైనా నైపుణ్యం చూసే కదా తీసుకుంటుంది, అమెరికా అంతేగా, మనవాళ్ళ హెచ్‌వన్‌బీ అంతేగా" అన్నాడు. తమ్ముడూ, మంచి ప్రశ్న. హెచ్‌వన్‌బీవాడు ఇంకో దేశానికి వెళ్ళి తలుపు కొడుతున్నాడు. వీళ్ళు తలుపు కొట్టలేదు. నూట యాభై ఏళ్ళు బ్రిటిష్ జెండా కింద, బ్రిటిష్ గవర్నరు కింద, రాణిగారి బొమ్మ ఉన్న నాణేలతో బతికినవాళ్ళు. సొంత ఇంట్లో మనుషులకి ఎంట్రన్స్ పరీక్ష పెడితే ఏమంటారు?

అదే సమయంలో సింగపూర్ ఏం చేసిందో చూడండి. 1989 జూలైలో 25,000 కుటుంబాలకి శాశ్వత నివాసం ఇస్తామంది, ఇప్పుడే రానక్కర్లేదు, కొన్నేళ్ళు ఆగి రావొచ్చు అంది. ఫారాల కోసం జనం విరగబడ్డారు. అక్కడి ప్రధాని లీ క్వాన్ యూ ఏమీ ధర్మాత్ముడు కాదు, ఆయనకీ లెక్కలున్నాయి. కానీ చేతిపని తెలిసిన కార్మికుణ్ణి కూడా ఆయన మనిషిగానే లెక్కేశాడు, పైగా రమ్మని పిలిచాడు. అక్కడుంది తేడా!

కెనడా కథ ఇంకోటి. అక్కడికి భార్యాపిల్లల్ని దింపేసి, సంపాదన కోసం హాంకాంగ్‌కి తిరిగొచ్చేసిన మగవాళ్ళు బోలెడు మంది. నెలకోసారి, రెండు నెలలకోసారి విమానం. వీళ్ళకి కాంటనీస్‌లో "తాయ్ హుంగ్ యన్" అని పేరు పెట్టారు, అంటే వ్యోమగామి. ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాడని. అందులో ఇంకో శ్లేష ఉంది, ఆ శబ్దాన్నే కాస్త అటు తిప్పితే "పెళ్ళాం లేని ఇంటివాడు" అని వస్తుంది. మన గల్ఫ్ ఇళ్ళల్లో కూడా తలకిందులుగా ఇదే కథ కదా, మొగుడు అక్కడ, పెళ్ళాం ఇక్కడ. మనవాళ్ళు ఇంత అందమైన పేరెందుకు పెట్టలేదో మరి!

సరే, దారి తప్పాను. మళ్ళీ కోటాల్లోకి రండి, ఎందుకంటే నా అసలు థియరీ ఇక్కడుంది.

50,000లో 36,200 వృత్తులవాళ్ళవి. 500 పెద్ద వ్యాపారస్తులవి. 7,000 పోలీసులు, కస్టమ్స్, జైళ్ళు, ఫైరు లాంటి యూనిఫాం ఉద్యోగాలవి. కూడండి. 43,700. మిగిలిన 6,300 ఎవరికి? "సెన్సిటివ్ సర్వీస్" అట. సున్నితమైన సేవ. అంటే ఏంటండీ, పూలమొక్కలకి నీళ్ళు పొయ్యడమా? ప్రభుత్వం కోసం రహస్యమైన పనులు చేసినవాళ్ళు, 1997 తర్వాత చైనా ఏమంటుందోనని భయపడాల్సినవాళ్ళు. వీళ్ళకి మార్కుల పట్టిక లేదు. వీళ్ళు క్యూలో నిలబడలేదు. గవర్నరే పిలుస్తాడు.

ఇప్పుడు నా థియరీ. ఇది నా ఊహ, కాగితం చూపించమంటే చూపించలేను, తిట్టాలనుకుంటే తిట్టండి. బ్రిటన్‌కి నిజంగా బయటపడెయ్యాల్సింది ఆ 6,300 మందినే. వాళ్ళకి మాత్రమే ఇస్తే ఏమవుతుంది? బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్న ప్రతివాడూ గూఢచారి అని నుదుట రాసిపెట్టినట్టే. అందుకని డాక్టర్లని, అకౌంటెంట్లని, స్కూలు టీచర్లని చుట్టూ నిలబెట్టారు. గుంపులో గోవింద! ఎవడెందుకు పాస్‌పోర్ట్ తీసుకున్నాడో ఎవడికీ తెలీదు. అంటే మిగతా 43,700 కవర్లలో సగం కర్టెన్ గుడ్డలు. కాదంటారా? కాదనడానికి మీ దగ్గర ఏముందో కామెంట్లో పెట్టండి, పిన్ చేస్తా.

సరే, పార్లమెంటులో ఏం జరిగిందనుకున్నారు? ఈ మాత్రం దానికే గగ్గోలు. థాచర్ సొంత పార్టీలోనే నార్మన్ టెబిట్ తిరగబడ్డాడు. అదే ఏప్రిల్‌లో, 1990లోనే, ఆయన ఒక అమెరికా పత్రికతో మాట్లాడుతూ క్రికెట్ పరీక్ష సంగతి తీశాడు. మనకి బాగా తెలిసిన ముచ్చటే. బ్రిటన్‌లో ఉన్న ఆసియావాళ్ళు ఇంగ్లండ్ మ్యాచ్ ఆడుతుంటే ఎవరికి చప్పట్లు కొడతారు అని. ఇండియాకి కొడితే నువ్వు ఇంకా ఇక్కడివాడివి కానట్టే. క్రికెట్ పరీక్ష అనగానే మనకి ఆ మాట ఒక్కటే గుర్తుంటుంది. ఆయన మనసులో నలుగుతున్న గొడవల్లో ఈ హాంకాంగ్ బిల్లు ఒకటని ఎవరూ చెప్పరు. పాపం హాంకాంగ్ వాళ్ళు క్రికెట్ పెద్దగా చూడరు కూడా! వాళ్ళ పిచ్చి గుర్రప్పందాలు.

ఇంకోపక్క లేబర్ పార్టీ, ఇది పెద్దోళ్ళ పథకం అని వ్యతిరేకించింది. నిజమే, పెద్దోళ్ళదే. అయితే అందరికీ ఇవ్వండి అన్నారా? అనలేదు! పెద్దోళ్ళకి వద్దు, చిన్నోళ్ళకీ వద్దు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు. మొత్తం అందరికీ హక్కు ఇవ్వాలి అన్న పార్టీ నాయకుడు పాడీ యాష్‌డౌన్, లిబరల్ డెమొక్రాట్లు. ఆ పార్టీకి ఉన్న సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చివరికి ఏప్రిల్ 19న రెండో పఠనంలో 97 ఓట్ల మెజారిటీతో బిల్లు గట్టెక్కింది.

మరి చైనా ఊరుకుంటుందా? మొదట్లోనే చెప్పేసింది, ఇలా ఇచ్చిన పౌరసత్వాన్ని మేం గుర్తించం అని. 1996 మేలో వాళ్ళ పార్లమెంటు స్థాయీ సంఘం రాతపూర్వకంగా ఖాయం చేసింది. అంటే హాంకాంగ్‌లో ఉన్నంతసేపు నువ్వు చైనా పౌరుడివే, నీ కొత్త పాస్‌పోర్ట్ చూపించి బ్రిటిష్ కాన్సులేట్‌ని పిలిచే హక్కు లేదు. గమ్మత్తు చూడండి. ఆ పాస్‌పోర్ట్‌కి విలువ ఊరొదిలి పోతేనే. కానీ ఇచ్చింది ఊరొదలకుండా ఉండటానికి. వాడితే ఉద్దేశం దెబ్బతింటుంది, వాడకపోతే కాగితం. దీన్ని కనిపెట్టిన బుర్రకి దండం పెట్టాలి!

జనానికి ఇది అర్థం కాలేదంటారా? బాగా అర్థమైంది. 1990 డిసెంబర్లో మొదటి విడత తెరిస్తే ప్రభుత్వం ఊహించినన్ని దరఖాస్తులు రాలేదు. ఫారం నింపితే రేపు ఎవరి చేతిలో పడుతుందో అన్న గుబులు. దొరికినవాళ్ళలో చాలామంది బ్రిటన్ ముఖం చూడకుండా అక్కడే ఉద్యోగాలు చేసుకున్నారు. ఆ లెక్కన పథకం సూపర్ హిట్టండీ. రావద్దని ఇచ్చారు, రాలేదు.

ఈ పథకం నడిపించిన అధికారుల్లో ఒకాయన డొనాల్డ్ సాంగ్. బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లు పంచే పని చూసిన ఆయనే, తర్వాత 2005 నుంచి 2012 దాకా చైనా కింద హాంకాంగ్‌కి చీఫ్ ఎగ్జిక్యూటివ్, అంటే అక్కడి పాలనకి పెద్ద! మన దగ్గర పార్టీ మారితే కండువా మార్చాడని నెల రోజులు డిబేట్లు పెడతాం. అక్కడ ఒక ఊరు ఊరే కండువా మార్చింది.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి వస్తా. ఇది చెప్పకపోతే నా కడుపు చల్లబడదు.

హాంకాంగ్‌లో మొదటి బ్రిటిష్ జెండా ఎగిరిన రోజేంటో తెలుసా? 1841 జనవరి 26. అవును, జనవరి 26. మన రిపబ్లిక్ డేకి సరిగ్గా నూట తొమ్మిదేళ్ళ ముందు. అప్పట్లో బ్రిటన్‌కీ చైనాకీ జరిగిన నల్లమందు యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళ తరఫున పోరాడినవాళ్ళలో బోలెడు మంది మన సిపాయిలు. 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఆ ఏడాదే చైనాలోని కాంటన్ దగ్గర వానలో, బురద పొలాల్లో చిక్కుకుపోయింది. తడిసిన తుపాకులు పేలక, ఊరిజనం ఈటెలతో చుట్టుముడితే పోరాడింది. మద్రాస్ సైన్యం అంటే అందులో తెలుగువాళ్ళు ఎందరో. ఏ నెల్లూరువాడో, ఏ గంజాంవాడో అక్కడ నేలకొరిగి ఉండొచ్చు, పేరెవడు రాశాడు?

తర్వాత పార్శీలు వెళ్ళారు. ఇవాళ హాంకాంగ్ పోస్టుకార్డు మీద కనిపించే స్టార్ ఫెర్రీ, అది మొదలుపెట్టింది దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా అనే పార్శీ. హాంకాంగ్ యూనివర్సిటీ పుట్టడానికి మొదట భారీగా డబ్బిచ్చింది హార్మస్‌జీ మోదీ. సిక్కులు పోలీసులయ్యారు, సింధీలు నేథన్ రోడ్డులో సూట్లు కుట్టారు. తరాలు గడిచాయి. 1997 వచ్చేసరికి వీళ్ళ సంగతేంటి? రక్తం చైనాది కాదు కాబట్టి చైనా పౌరులుగా లెక్కలోకి రారు. అక్కడే పుట్టి బ్రిటిష్ కాగితం పట్టుకున్నవాళ్ళు, కాబట్టి ఇండియా పౌరులూ కారు. చేతిలో ఉన్నది బీఎన్ఓ, దాంతో ఏ దేశంలోనూ దిగే హక్కు లేదు. నడిసముద్రంలో వదిలేసినట్టే!

మరి 50,000 కోటాలో వీళ్ళని ముందు వరుసలో కూర్చోబెట్టాలి కదా? నిజంగా గూడు లేకుండా పోయేవాళ్ళు వీళ్ళే. పట్టికలో "వేరే ఏ దేశమూ లేదు" అన్నదానికి విడిగా ఒక్క గడి లేదండీ. ఒక్కటి కూడా! అందరిలాగే మార్కులు తెచ్చుకోవాలి. 1985 నుంచి మొత్తుకుంటే, అప్పగింతకి అయిదు నెలల ముందు, 1997 ఫిబ్రవరిలో హోంమంత్రి మైఖేల్ హోవర్డ్ సరేనన్నాడు. మార్చి 19న విడిగా చట్టం చేశారు. కొన్ని వేల మంది కోసం పన్నెండేళ్ళు బతిమాలించుకున్నారు. బ్రిటిష్ సైన్యంలో కొలువు చేసిన హాంకాంగ్ మిలిటరీ సర్వీస్ కోర్ సైనికుల్లో కూడా కోటాలో చోటు దొరకనివాళ్ళు మిగిలిపోయారు. రాణి కోసం తుపాకీ పట్టినవాడికి కూడా మార్కులే!

ఇంత రభస ఎందుకు, ఇచ్చేంత చోటు లేకేమో అని జాలిపడేవాళ్ళు ఇది కూడా వినండి. ఫాక్‌లండ్ దీవులు, ఇవీ బ్రిటన్ పాలనలోవే. అర్జెంటీనాతో 1982 యుద్ధం అయ్యాక 1983లో అక్కడివాళ్ళందరికీ పూర్తి పౌరసత్వం. మార్కుల్లేవు, వయసు లేదు, డిగ్రీ లేదు. గొర్రెలు కాసుకునే మనిషికి కూడా. రెండు వేల మంది కూడా లేరు లెండి, పైగా తెల్లవాళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే.

మకావ్ చూడండి, హాంకాంగ్ పక్కనే, పడవలో గంట ప్రయాణం. దాన్ని పాలించిన పోర్చుగల్ 1999లో చైనాకి అప్పగించింది. అంతకుముందే అక్కడ పుట్టిన చైనీయుల్లో లక్ష మంది దాకా పోర్చుగీస్ పౌరులు, మామూలు చట్టం ప్రకారమే. బ్రిటన్ కంటే ఎంతో బీద దేశం అది. మునిగిపోయిందా?

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే 2002 మే 21. మిగిలిపోయిన తన చిన్నాచితకా దీవులన్నిటికీ, సైప్రస్‌లోని సైనిక స్థావరాలు తప్ప, బ్రిటన్ పూర్తి పౌరసత్వం ఇచ్చేసింది. అందరికీ. ఒక్క సంతకంతో. హాంకాంగ్ లెక్కలోంచి పోయిన అయిదేళ్ళకి! ఆ 32 లక్షల మంది వెళ్ళిపోయాకగానీ ధర్మబుద్ధి పుట్టలేదు. క్రిస్ పాటెన్, వాళ్ళ ఆఖరి గవర్నరే, 1995లో అందరికీ హక్కు ఇవ్వండి అని అడిగితే లండన్ కుదరదంది. అధికారంలో ఉన్న తమ మనిషి మాటే వినలేదు. ఇప్పుడు చెప్పండి, తెల్లోడు మాట మీద నిలబడ్డాడా?

అవును, 2021లో బీఎన్ఓ వాళ్ళకి వీసా దారి తెరిచారు, లక్షన్నర మందికి పైగా వెళ్ళారు, మంచిదే. కానీ అది ఎలా తెరిచారు? ఫీజు కట్టు, అయిదేళ్ళు ఉండు, తర్వాత ఇంకో ఏడాది ఆగు, అప్పుడు పౌరసత్వానికి అడుగు. 1990లో 50,000 కుటుంబాలకి ఒక్క రోజు ఉండకుండా ఇచ్చిన దేశమే ఇది. అప్పుడు రావద్దు కాబట్టి వెంటనే ఇచ్చింది. ఇప్పుడు నిజంగానే వస్తున్నారు, కాబట్టి ఆరేళ్ళు ఆగమంటోంది. ఇంతకంటే రుజువు నేనెక్కణ్ణుంచి తేను?

సరే, ఆఖరికి మీకో పని. ఆ పట్టిక మళ్ళీ స్క్రీన్ మీద పెడుతున్నాం, పాజ్ చేసి మీ మార్కులు మీరే వేసుకోండి. నేను వేసుకున్నా. వయసు నలభై ఏడు, 200 మార్కుల గడిలోనే నా పని అయిపోయింది. ఇంగ్లీషు పర్లేదు. ప్రజాసేవ కింద ఈ ఛానల్ చెల్లుతుందో లేదో తెలీదు, మా ఆవిడ చెల్లదంటోంది. బ్రిటన్‌తో సంబంధాలు అన్న గడి దగ్గర మాత్రం ఆగిపోయా. మా తాత 1946 దాకా బెజవాడ దగ్గర వాళ్ళ రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేశాడు, ఎండలో కంకర కొట్టాడు. దానికి ఎన్ని వెయ్యొచ్చంటారు, యాభైకి?